మొటిమ పోయింది, మచ్చ మిగిలింది

మహిళా డిగ్రీ కళాశాల విద్యార్థినుల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక చర్మవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్‌గారికి, లెక్చరర్లకి, అమ్మాయిలందరికీ. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే.

ముందు ఒక పని చేయండి. మీ చేతులు ఒకసారి చూసుకోండి, మోచేతి నుంచి వేళ్ల దాకా. నూనె చిట్లిపడ్డ మచ్చ ఎవరికైనా ఉందా? పూరీలు వేసేటప్పుడో, పోపు పెట్టేటప్పుడో? దోమ కుట్టిందని గోకి గోకి పుండు చేసుకున్న మచ్చ? కాళ్ల మీద? ఈ హాల్లో అలాంటి మచ్చ ఒక్కటీ లేనివాళ్లు ఉండరనుకుంటాను. ఇప్పుడు చెప్పండి, ఆ చేతి మీది మచ్చ గురించి ఎవరైనా నిద్ర మానుకున్నారా? దానికి నిమ్మకాయ రుద్దారా? మెడికల్ షాపుకెళ్లి ట్యూబు కొన్నారా? లేదు కదా. వదిలేశారు. కొన్ని నెలలకి అదే పలచబడింది. మొటిమ వదిలివెళ్లిన మచ్చ కూడా ఆ జాతిదే. అదే చర్మం, అదే రంగు, అదే కారణం. కానీ మొహం మీదిదాన్ని మనం వదిలిపెట్టం. పొద్దున లేచి అద్దం, కాలేజీకి బయల్దేరేముందు అద్దం, సెల్ఫీ కెమెరా. ఏదో ఒకటి పూస్తాం, గిల్లుతాం, రుద్దుతాం. నేను ఇవాళ చెప్పడానికొచ్చింది ముఖ్యంగా ఇదే. త్వరగా పోగొట్టాలని మనం చేసే పనులే చాలా మచ్చల్ని ముదరబెడుతున్నాయి. నా దగ్గరికొచ్చే అమ్మాయిల్లో మొటిమలకన్నా ఆ పనుల వల్ల చెడిపోయిన చర్మాలే నన్ను ఎక్కువ బాధపెడతాయి.

అసలు ఆ మచ్చ ఎందుకొస్తుంది? జువాలజీ వాళ్లున్నారా ఇక్కడ? ఉన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాలు మెలనోసైట్లు. పై చర్మంలో అట్టడుగు వరసలో ఉంటాయి. తెల్లవాళ్లకీ మనకీ వీటి సంఖ్యలో పెద్ద తేడా లేదు. మనవి ఎక్కువ పనిచేస్తాయి, వాటిలో తయారయ్యే మెలనిన్ అనే రంగు పదార్థం గుళికలు పెద్దవిగా ఉంటాయి, అంతే. ఎండ దెబ్బ నుంచి మనల్ని కాపాడేది ఆ మెలనినే, దాన్ని తిట్టుకోకండి. అయితే ఈ కణాలకి ఒక స్వభావం ఉంది. చర్మంలో ఎక్కడ వాపొచ్చినా, ఎక్కడ మంట పుట్టినా, ఇవి రంగు ఎక్కువగా తయారుచేసి చుట్టుపక్కల కణాలకి పంచేస్తాయి. మొటిమ అంటే ఏమిటి? నూనె గ్రంథి నాళం మూసుకుపోవడం, లోపల బాక్టీరియా పెరగడం, దాని చుట్టూ వాపు రావడం. వాపు ఎంత పెద్దదైతే, ఎన్ని రోజులుంటే, రంగు అంత ఎక్కువ. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా డాక్టరు, చర్మం ఎండకి ఎలా స్పందిస్తుందో చూసి దాన్ని తరగతులుగా విడదీశాడు. ఇప్పుడు వాడుకలో ఆరు తరగతులున్నాయి, ఒకటి అన్నిటికన్నా తెల్లటిది, ఆరు అన్నిటికన్నా నల్లటిది. తెలుగువాళ్లలో చాలామందిమి నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తాం. ఈ తరగతుల వాళ్లకి మొటిమ తర్వాత నల్లమచ్చ రావడం చాలా మామూలు. అది మీ తప్పు కాదు, మీ శుభ్రత లోపం కాదు. మొహం సరిగ్గా కడుక్కోదు, అందుకే మచ్చలు అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఇక ఆ రంగు ఎక్కడ దాగిందన్నది ముఖ్యం. గోరింటాకు పెట్టుకుంటారు కదా, ఎన్నాళ్లుంటుంది? రెండు వారాలు, మూడు వారాలు. ఎందుకు పోతుంది? పైపొరలు రాలిపోతాయి కాబట్టి. మన అమ్మమ్మల చేతుల మీద పచ్చబొట్టు ఉండేది చూశారా? అది ఎందుకు పోలేదు? అది లోపలి చర్మంలో ఉంది. అక్కడి కణాలు ఆ రంగుని మింగి అలాగే కూర్చుంటాయి. మొటిమ మచ్చ కూడా ఈ రెండు రకాలుగా ఉంటుంది. రంగు పై చర్మంలోనే ఉంటే గోధుమరంగులోనో ముదురు గోధుమరంగులోనో కనపడుతుంది. పై చర్మం అడుగు నుంచి పుట్టి పైకొచ్చి రాలడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక్క విడతలో మచ్చ మొత్తం పోదు, కొంచెం కొంచెంగా పోతుంది. ఏ మందూ లేకపోయినా ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలావరకు పోతుంది. అదే మొటిమని గిల్లి, పిండి, రక్తం తెప్పించారనుకోండి, ఆ అడుగు వరస దెబ్బతిని రంగు లోపలి చర్మంలోకి జారిపోతుంది. అప్పుడు మచ్చ బూడిద రంగులో, కాస్త నీలంగా కనపడుతుంది. ఇది ఏళ్లు పట్టవచ్చు. పచ్చబొట్టుకి క్రీము పూస్తే పోతుందా? ఇది కూడా అంతే మొండిది.

కాబట్టి, అమ్మాయిలూ, గిల్లొద్దు అని మీ అమ్మ చెప్పే మాట వట్టి చాదస్తం కాదు. గోరు తగిలిన మొటిమకి, తగలని మొటిమకి మధ్య తేడా ఒక్కోసారి ఆరు నెలలకీ మూడేళ్లకీ ఉన్నంత తేడా. పరీక్షల ముందు, చదువుతూ, తెలియకుండానే చెయ్యి గడ్డం దగ్గరికి పోతుంది కొంతమందికి. అవునా? నవ్వుతున్నారు, అంటే ఉన్నారు. అలాంటివాళ్లు ఆ మొటిమ మీద చిన్న హైడ్రోకొల్లాయిడ్ పట్టీ, అంటే గాయాల మీద వేసే మెత్తటి జెల్ పట్టీ, అంటించుకుంటే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో, మందుల షాపుల్లో దొరుకుతుంది. మందు ప్రభావంకన్నా, చెయ్యి తగలకుండా అడ్డం ఉంటుంది చూడండి, అదే పెద్ద లాభం.

ఇక్కడ ఒక సంగతి. నా దగ్గరికొచ్చి మచ్చలు అనేవాళ్లు మూడు వేర్వేరు వాటిని మచ్చలంటారు. నల్లగా, సమతలంగా ఉండేది ఒకటి. మనం మాట్లాడుతున్నది అదే. రెండోది ఎర్రగా, గులాబీ రంగులో ఉండేది. తెల్లటి చర్మం ఉన్నవాళ్లలో బాగా కనపడుతుంది. అది మెలనిన్ కాదు, వాపు వచ్చిన చోట సన్నటి రక్తనాళాలు విప్పారి ఉండటం. గాజు గ్లాసుని దాని మీద ఆనించి నొక్కి, గాజు గుండా చూస్తే ఆ ఎరుపు మాయమవుతుంది, నల్లమచ్చ మాయమవదు. ఎర్ర మచ్చకి నల్లమచ్చ క్రీములు పూసి ఫలితం లేదని ఏడ్చేవాళ్లున్నారు. ఫలితం ఎలా వస్తుంది? మూడోది గుంట. కళ్లు మూసుకుని వేలితో తడిమితే తెలుస్తుంది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే నీడ పడుతుంది. గుంటంటే చర్మం లోపలి కండ పోవడం. దానికి పూతమందు ఏదీ పనిచేయదు. గుంటలు పూడుస్తాం అని రాసి ఉన్న క్రీము ఏదైనా సరే, డబ్బు వృథా. దానికి వేరే చికిత్సలున్నాయి, మొటిమలు పూర్తిగా ఆగాక చేస్తారు. అందుకే చెప్తున్నాను, పెద్ద పెద్ద గడ్డల్లాంటి మొటిమలు, నొప్పిపెట్టేవి, వస్తున్నవాళ్లు మచ్చల క్రీముల కోసం వెతుకుతూ కూర్చోకండి. ఆలస్యం చేస్తే గుంటలు పడతాయి. వెంటనే డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. ఏమీ అనుకోవద్దు.

మచ్చలున్నాయి, ఏదైనా మంచి ట్యూబు ఇవ్వండన్నా అని మందుల షాపులో అడిగినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు. పక్కింటి అక్క వాడింది, హాస్టల్లో రూమ్మేట్ వాడింది, వారంలో మొహం తెల్లగా అయిపోయింది అని వాడినవాళ్లు? ఉన్నారు. నాకు తెలుసు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఏముంటుందో చెప్తాను. రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పై చర్మం త్వరగా రాలేలా చేసే ట్రెటినాయిన్, వాటితో పాటు వాపుని అణిచే ఒక స్టెరాయిడ్. ఇది 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు చెప్పిన మిశ్రమానికి వారసురాలు. మంగుకి, అంటే బుగ్గల మీద వచ్చే మంగుమచ్చకి, డాక్టరు చూస్తూ, కొద్ది వారాలు మాత్రమే వాడించే మందు. అది మందే, విషం కాదు. నేనూ రాస్తాను, అవసరమైనవాళ్లకి, లెక్కపెట్టి. దాన్నే మొటిమల మొహానికి, స్నో రాసుకున్నట్టు, నెలల తరబడి, ఏళ్ల తరబడి రాస్తున్నారు. అక్కడొచ్చింది చిక్కు.

స్టెరాయిడ్ మొదటి రెండు వారాలు అద్భుతంగా కనపడుతుంది. ఎరుపు తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, రంగు తేలికవుతుంది. అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత? చర్మం పలచబడుతుంది. సన్నటి ఎర్రటి నరాలు బయటికి కనపడతాయి. ఎండలోకెళ్తే మండుతుంది. బుగ్గల మీద, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఒకే సైజులో వందల చిన్న పొక్కులు లేస్తాయి. స్టెరాయిడ్ వల్ల వచ్చే మొటిమలు అవి. మొటిమ మచ్చ కోసం రాసుకున్నది కొత్త మొటిమల్ని పుట్టిస్తుంది. సరే మానేద్దాం అని మానేస్తే రెండు మూడు రోజుల్లో మొహం ఎర్రగా ఉబ్బి, మంట, దురద. భయపడి మళ్లీ రాస్తారు, తగ్గుతుంది. మళ్లీ మానలేరు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. మన దేశంలో చర్మవైద్యులు దీనికి ఒక పేరే పెట్టారు, స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న మొహం అని. దీని మీద పోరాడటానికి భారత చర్మవైద్యుల సంఘం ప్రత్యేకంగా ఒక కార్యదళాన్నే పెట్టుకుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. నిబంధన ఉంది. కానీ అడిగితే ఇచ్చే షాపులూ ఉన్నాయి. కాబట్టి మన కళ్లు మనమే తెరుచుకోవాలి.

ఎలా తెలుసుకోవాలి? ట్యూబు మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు చూడకండి. వెనక చీమల్లాంటి అక్షరాలుంటాయి, అవి చదవండి. కనపడకపోతే ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్, డెక్సామెథసోన్. ఈ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. రాసుకోండి, పుస్తకాలున్నాయి కదా మీ దగ్గర. మళ్లీ చెప్తాను. బీటామెథసోన్. మొమెటసోన్. క్లోబెటసోల్. ఫ్లూసినోలోన్. డెక్సామెథసోన్. ఇవాళ హాస్టలుకెళ్లగానే మీ పెట్టెలో ఉన్న ట్యూబులు తీసి చూడండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం ఇది విని ఈ రాత్రే గిరవాటేసి ఊరుకోవద్దు. డాక్టరు దగ్గరికెళ్లండి. ఎలా తగ్గించాలో, మానాక వచ్చే మంటకి ఏం వాడాలో చెప్తారు. కొన్ని నెలలు ఓపిక పట్టాలి. తిరిగొస్తుంది చర్మం.

ఇంకొకటి, పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు. డబ్బా మీద ఏముందో రాసి ఉండదు, ఎవరు తయారుచేశారో ఉండదు, ఎవరో ఇన్‌స్టాలో అమ్ముతారు. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా లోపలికెళ్లి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. 2023లో కేరళలో మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్లకి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు వచ్చిందని డాక్టర్లు బయటపెట్టారు. వాళ్లలో మీకన్నా చిన్న అమ్మాయీ ఉంది. మొహం రంగు కోసం కిడ్నీ!

ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. మచ్చ పోవడం వేరు, తెల్లబడటం వేరు. వైద్యంలో మేము చేసేది మచ్చ రంగుని మీ చుట్టుపక్కల చర్మం రంగుకి తీసుకురావడం. మీ రంగుకి. అంతకన్నా తెలుపు చెయ్యమని అడిగితే నేను చెయ్యను. పెళ్లిచూపుల్లో ఎవరో ఏదో అన్నారని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలున్నారు, వాళ్లతో పాటు ఏడ్చే తల్లులున్నారు. తల్లులెవరైనా వచ్చారా ఇవాళ? ఆ మూల ఉన్నారు. అమ్మా, మీ బిడ్డ రంగుకి వైద్యం అవసరం లేదు. మొటిమలకి అవసరం.

ఇప్పుడు ఇంటి వైద్యాలు. నిమ్మరసం. నిమ్మకాయ చాలా ఘాటైన ఆమ్లం. చర్మాన్ని మండిస్తుంది. అది రాసుకుని ఎండలోకెళ్తే కాలిన మచ్చలు పడతాయి, నల్లటి చారలు. అదొక జబ్బుగానే వైద్య పుస్తకాల్లో ఉంది. వంటసోడా, టూత్‌పేస్టు, వెల్లుల్లి, ఇవన్నీ అంతే. మంట పుడితే పనిచేస్తోందని అనుకుంటారు. మంట పుట్టడమంటే మెలనోసైట్లకి మళ్లీ పని చెప్పడమే కదా, ఇందాకే చెప్పుకున్నాం. మా ఊళ్లవైపు పులిపిర్లకి జిల్లేడు పాలు పెడతారు, దాన్నే మొహం మచ్చకి పెట్టుకున్నవాళ్లనీ చూశాను. దయచేసి వద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. శనగపిండి, సున్నిపిండి మంచివే, కానీ వాటితో గరగరా రుద్దడం మంచిది కాదు. మొటిమలున్న మొహాన్ని ఏదీ పెట్టి రుద్దకూడదు. స్క్రబ్బు, పీచు, నైలాను బ్రష్షు, ఏదీ. పసుపు కొంతమందికి పడుతుంది, కొంతమందికి ఎలర్జీ వస్తుంది. కలబంద గుజ్జు చల్లగా ఉంటుంది, హాని తక్కువ, దాంతో మచ్చ పోతుందని మాత్రం ఆశపడకండి. కొబ్బరినూనె జుట్టుకి బావుంటుంది, మొటిమల మొహానికి కాదు. తలకి నూనె దట్టంగా పెట్టి పడుకునేవాళ్లకి నుదుటి మీద, జుట్టు అంచున చిన్న చిన్న పొక్కులొస్తాయి. తలస్నానానికి గంట రెండు గంటల ముందు పెట్టుకుని కడిగేసుకోండి, చాలు.

మామిడిపండు వేడి చేస్తుంది, మొటిమలొస్తాయి అంటారు. పండు మీద అంత కోపం అక్కర్లేదు. అయితే తీపి పానీయాలు, బేకరీ తిండి, చక్కెర ఎక్కువగా ఉండేవి మొటిమల్ని పెంచుతాయనడానికి కొంత ఆధారం ఉంది. జిమ్ముకెళ్లే మీ అన్నదమ్ములు తాగే వే ప్రొటీన్‌తో కూడా కొందరికి పెరుగుతాయి. నెలసరి సరిగ్గా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, దవడ పొడవునా మొటిమలు, ఈ మూడూ కలిసి ఉంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో పరీక్ష చేయించుకోండి. మెడ వెనక నల్లగా, ముతకగా, మఖ్మల్‌లా అవుతోందా? అది మురికి కాదు, రాయి పెట్టి రుద్దకండి. శరీరంలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు చాలాసార్లు.

మరి ఏం చెయ్యాలి? అదీ అడగాలి కదా మీరు.

మొదట మొటిమ ఆగాలి. పాత మచ్చ పోగొడుతూ పక్కనే కొత్త మొటిమ వస్తుంటే ఎప్పటికి తెములుతుంది? మొటిమలు తక్కువగా ఉన్నవాళ్లకి బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పనిచేస్తుంది. 2.5 శాతం చాలు, ఎక్కువ శాతం అంటే ఎక్కువ మంట, లాభం పెద్దగా పెరగదు. ఒక్క జాగ్రత్త. అది బట్టల రంగు తినేస్తుంది. తలగడ గలీబులు, తువ్వాళ్లు, మంచి చున్నీలు మచ్చలు పడతాయి. ఆరాక పడుకోండి, తెల్ల తువ్వాలు వాడండి. దీనికి తోడు రాత్రిపూట అడాపలీన్ అనే జెల్, 0.1 శాతం. మొటిమ పుట్టే చోటే, అంటే ఆ నాళం మూసుకుపోకుండా చూస్తుంది, పైపెచ్చు పై చర్మం రాలే వేగం పెంచి మచ్చ పలచబడటానికీ సాయపడుతుంది. మొహం మొత్తానికి బఠాణీ గింజంత. మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టడం కాదు, మొటిమలొచ్చే చోటంతా పలచగా. మొదట్లో ఒక రోజు విడిచి ఒక రోజు. మొదటి మూడు నాలుగు వారాలు పొట్టు లేస్తుంది, కాస్త ఎర్రబడుతుంది, కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. అక్కడే అందరూ మానేస్తారు! మానకండి. మాయిశ్చరైజర్ ముందు రాసుకుని దాని మీద రాయండి. బాగా మండితే మాత్రం ఆపి చూపించండి, ఎందుకంటే మందు మంట కూడా మచ్చ తెస్తుంది. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్, ట్రెటినాయిన్ వాడకూడదు. మొండి మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలుంటాయి. మంచి మందు, కానీ ఆ సమయంలో గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన లోపాలొస్తాయి. స్నేహితురాలి చీటీ చూపించి కొనుక్కునే మందు కాదు అది.

క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే నెలల తరబడి రాసుకునేవాళ్లు ఎక్కువ కనపడుతున్నారు. యాంటీబయాటిక్ ఒంటరిగా వాడితే బాక్టీరియా దానికి అలవాటుపడిపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తోడుగా ఉండాలి.

మన చర్మానికి నాకు బాగా ఇష్టమైన మందు అజెలాయిక్ ఆమ్లం. గోధుమల్లో, బార్లీలో సహజంగా ఉండే పదార్థం. మొటిమకీ పనిచేస్తుంది, మచ్చకీ పనిచేస్తుంది. మెలనిన్ తయారీకి కావలసిన ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, అది కూడా ఎక్కువ పనిచేస్తున్న కణాల్లోనే, మామూలు రంగు జోలికి పోదు. గర్భిణులకీ ఇస్తాం. 10 శాతం నుంచి 20 శాతం దాకా దొరుకుతుంది. రాసిన పది నిమిషాలు చిమచిమలాడుతుంది, కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. నయాసినమైడ్ కూడా నెమ్మదైన మందే, 4, 5 శాతం చాలు. సీరమ్ మీద 10, 20 అని పెద్ద అంకె చూసి మోసపోకండి. హైడ్రోక్వినోన్ బాగా పనిచేస్తుంది, మూడు నాలుగు నెలలకి మించకూడదు. ఏళ్లు వాడితే ఓక్రోనోసిస్ అని, నీలం నలుపు మచ్చలొస్తాయి, వాటిని పోగొట్టడం మా వల్ల కూడా కష్టం. ఒకేసారి నాలుగు సీరమ్‌లు మొదలుపెట్టొద్దు. ఒకటి మొదలుపెట్టండి, నెల చూడండి, తర్వాత రెండోది.

ఎండ. ఇది చెప్పకుండా దిగిపోను. మీరు రాసే మందంతా ఒకవైపు, ఎండ ఒకవైపు. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం స్కూటీ మీద వెళ్లేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. సన్‌స్క్రీన్, అంటే ఎండ నుంచి కాపాడే క్రీము, రాయాలి. దాని మీద ఎస్‌పీఎఫ్ 30గానీ అంతకన్నా ఎక్కువగానీ, పక్కన పీఏ అని మూడు ప్లస్ గుర్తులుండాలి. ఎంత రాయాలి? చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండు వేళ్ల పొడవునా పిండుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. మీరు రాసేది అందులో పావు వంతు! చెమట పట్టినా, బయట ఉన్నా రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది. అతినీలలోహిత కిరణాలే కాదు, మన కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మనలాంటి చర్మాన్ని నల్లబరుస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత రంగు సన్‌స్క్రీన్లు ఆపుతాయి. కొనేటప్పుడు చూడండి. సూర్యుడి వెలుతురు సంగతి ఇది, ఫోన్ వెలుతురుకి భయపడకండి, అది లెక్కలోకి రానంత తక్కువ. సన్‌స్క్రీన్ కొనే స్తోమత లేదనేవాళ్లకి, తల్లీ, చున్నీ ఉంది కదా. మీరు మొహానికి చుట్టుకుని బండి మీద వెళ్తారు చూడండి, ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. దట్టమైన నూలు చున్నీ, గొడుగు, ఎక్కడున్నా నీడ వైపు నడవడం, ఇవన్నీ వైద్యమే. చున్నీ మాత్రం రోజూ ఉతకండి, నిన్నటి చెమట మళ్లీ మొహానికి చుట్టుకోకండి.

ఇవన్నీ చేస్తే మొటిమలు తగ్గడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, మచ్చలు తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు. అద్దంలో రోజూ చూస్తే ఏ మార్పూ కనపడదు. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయంలో ఒక ఫొటో తీసుకోండి. మూడో నెల ఫొటో, మొదటి ఫొటో పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది.

చీటీల మీద ప్రశ్నలు పంపించారు. చాలానే ఉన్నాయి, రెండు మూడు తీసుకుంటాను.

పార్లర్లో ఫేషియల్ చేయించుకోవచ్చా అని. మొటిమలు వస్తున్నప్పుడు ఆవిరి పట్టి, పిండి, మసాజ్ చేయించుకోవద్దు. బ్లీచ్ అసలొద్దు. అది మచ్చని కాదు, మొహం మీది వెంట్రుకల రంగు తీస్తుంది, చర్మాన్ని మండిస్తుంది.

పీలింగ్, అంటే ఆమ్లం పూసి చర్మం పైపొర రాల్చడం, లేజర్ గురించి. సాలిసిలిక్, గ్లైకాలిక్ పీల్స్ మన చర్మానికి పనికొస్తాయి, శాతం తక్కువతో మొదలుపెట్టి, చర్మవైద్యుల చేతిలో. ఆన్‌లైన్‌లో 30 శాతం ఆమ్లం సీసా కొని ఇంట్లో వేసుకోవడం ప్రమాదం. కాలితే ఇప్పుడున్న మచ్చకన్నా పెద్దది వస్తుంది. లేజర్ కూడా అంతే, మన రంగు చర్మంలోని మెలనినే ఆ వెలుతురుని పీల్చుకుంటుంది, తప్పు మెషిను, తప్పు మోతాదు అయితే కాలిన మచ్చలే. నేను నల్లమచ్చలకి లేజర్‌ని చివరి మెట్టుగా చూస్తాను. నూటికి తొంభై మందికి అక్కర్లేదు అని నా అభిప్రాయం.

డబ్బులు లేవు మేడమ్, ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లలేను అని రాసింది ఒక అమ్మాయి. పేరు రాయలేదు, మంచి పని చేసింది. తల్లీ, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. చీటీ రాయించుకుని కూర్చుంటే చూస్తారు. వరస పెద్దదే, పొద్దున్నే వెళ్లు. జెనరిక్ మందుల షాపుల్లో ఇవే మందులు తక్కువ ధరకి దొరుకుతాయి. నేను చెప్పినవాటిలో ఒక్క జెల్, ఒక మామూలు సబ్బు, ఒక చున్నీ. ఈ మూడింటితో మొదలుపెట్టు.

ఇదే ఆఖరుది. రెండు నెలల్లో అక్క పెళ్లి, అప్పటికి మచ్చలు పోవాలి. రెండు నెలల్లో పూర్తిగా పోవు, అబద్ధం చెప్పను. పలచబడతాయి. పెళ్లికి ముందు నెలలో కొత్తగా ఏ క్రీమూ, ఏ ఫేషియలూ, ఏ పీలూ మొదలుపెట్టొద్దు. పడకపోతే సర్దుకునే టైము ఉండదు. ఆ రోజుకి మేకప్ వేసుకోండి, తప్పేం లేదు, నాన్-కొమెడోజెనిక్, అంటే చర్మ రంధ్రాలు పూడ్చనిది, అని రాసి ఉన్నది చూసుకోండి. రాత్రి ఎంత అలిసిపోయినా కడుక్కుని పడుకోండి.

భోజనాల తర్వాత నాలుగింటి దాకా నేను లైబ్రరీ పక్క గదిలో ఉంటాను. వాడుతున్న ట్యూబులన్నీ తెచ్చి చూపించండి, కవర్లో వేసుకుని రండి, ఎవరికీ కనపడకుండా. ఎవరినీ తిట్టను. బస్సులున్నవాళ్లు చేతులెత్తితే వాళ్లని ముందు చూసి పంపిస్తాను, తర్వాత హాస్టల్ వాళ్లు రండి.